మీ మందు రీకాల్ అయిందా? ఆపేముందు, పారేసేముందు వరుసగా చేయాల్సిన పనులు

"మేం వాడే బీపీ మాత్ర బ్యాన్ చేశారట, నిజమేనా?" 2024 సెప్టెంబరులో ఈ ప్రశ్న నన్ను ఎంతమంది అడిగారో లెక్కలేదు. కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ సీడీఎస్‌సీఓ ఆ నెల విడుదల చేసిన జాబితాలో నాణ్యత పరీక్షలో తప్పిన మందులు 50కి పైగా ఉన్నాయి. బీపీకి వాడే టెల్మిసార్టాన్, జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ కూడా అందులో కనిపించాయి. వాట్సాప్‌కి చేరేసరికి అది "53 మందులు నిషేధం" అయిపోయింది. నిజానికి తప్పింది ఆ మందులు కాదు, వాటిలో ఫలానా కంపెనీ చేసిన ఫలానా బ్యాచ్, అంటే ఒకే విడతలో తయారైన సరుకు. కొన్ని బ్రాండ్ల విషయంలోనైతే ఆ బ్యాచ్ తాము తయారుచేసిందే కాదని, ఎవరో నకిలీ చేశారని కంపెనీలు చెప్పాయి.

ఆ వారం భయపడి మాత్రలు మానేసినవాళ్ళు నాకు తెలుసు. వాళ్ళ డబ్బాలో ఉన్న బ్యాచ్‌కి, జాబితాకి సంబంధమే లేదు. మళ్ళీ మళ్ళీ అదే అడుగుతున్నారు కాబట్టి, ఏ పని తర్వాత ఏ పని చేయాలో ఇక్కడ రాస్తున్నాను.

## 1. రీకాల్ రాకముందే ఇంట్లో చేసుకోవాల్సిన ఏర్పాటు

రీకాల్ రోజున, అంటే సరుకు వెనక్కి తెప్పిస్తున్నారని తెలిసిన రోజున, మీకు కావాల్సింది బ్యాచ్ నంబరు. మన ఇళ్ళలో సరిగ్గా అదే దొరకదు. షాపులో "నాలుగు మాత్రలు ఇవ్వండి" అంటే కత్తెరతో కోసి ఇస్తారు. బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ తేదీ అచ్చుకొట్టిన అంచు షాపులోనే ఉండిపోతుంది. మరికొందరు మాత్రలన్నీ ఒలిచి స్టీలు డబ్బాలో పోసుకుంటారు. మా అమ్మ అలాగే చేసేది. ఒకసారి తన డబ్బాలో ఒకే రంగు మాత్రలు రెండు రకాలు కలిసిపోయి, ఏది షుగర్‌దో ఏది గ్యాస్‌దో తేల్చడానికి మెడికల్ షాపు అబ్బాయిని బతిమాలుకోవాల్సి వచ్చింది.

రోజూ వాడే మందులకు ఇవి అలవాటు చేసుకోండి:

- వీలైనంతవరకు పూర్తి స్ట్రిప్ కొనండి. కోసి తీసుకోక తప్పకపోతే, బ్యాచ్ నంబరున్న అంచుకు అక్కడే ఫోన్‌తో ఫొటో తీయండి.
- ఇంట్లో మాత్ర తీసేటప్పుడు బ్యాచ్ నంబరు లేని వైపు నుంచి మొదలుపెట్టండి. ఆ అంచు చివరిదాకా ఉండాలి.
- బిల్లు అడిగి తీసుకోండి. మందుల బిల్లులో బ్యాచ్ నంబరు కూడా ఉంటుంది. స్ట్రిప్ పోయినా బిల్లు కాపాడుతుంది.
- వారానికి సరిపడా గళ్ళ డబ్బాలో మాత్రలు సర్దుకుంటే, ఖాళీ స్ట్రిప్‌ని ఆ వారం అయ్యేదాకా పారేయకండి.
- అట్టపెట్టె ఇస్తే ఉంచుకోండి. ఎక్కువ అమ్ముడయ్యే 300 బ్రాండ్లకు 2023 ఆగస్టు 1 నుంచి క్యూఆర్ కోడ్ లేదా బార్ కోడ్ తప్పనిసరి చేశారు. స్ట్రిప్ మీద చోటు చాలకపోతే కోడ్ పెట్టె మీదే ఉంటుంది.

ఇంకొకటి. ఏ మందు ఎందుకు వాడుతున్నారో, ఎన్ని మిల్లీగ్రాములో ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి. కొడుకు బెంగళూరులోనో డల్లాస్‌లోనో ఉండి, అమ్మానాన్న ఇద్దరే ఊళ్ళో ఉండే ఇళ్ళకు ఈ కాగితం ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు.

## 2. విన్న వార్త ఏ రకమో తేల్చుకోండి

"మందు బాగాలేదట" అన్న ఒక్క మాట వెనక నాలుగు వేర్వేరు సంగతులు ఉండొచ్చు. ఒక్కోదానికి చేయాల్సిన పని వేరు.

నాణ్యత పరీక్షలో తప్పింది. సీడీఎస్‌సీఓ ప్రతినెలా ఇచ్చే జాబితా ఇదే. ఇది బ్యాచ్‌కి సంబంధించినది.

నకిలీ. అసలు కంపెనీ పేరు పెట్టి ఇంకెవరో చేశారు. ఇది కూడా బ్యాచ్ నంబరుతోనే మొదలవుతుంది, కానీ కొన్న షాపు మీద అనుమానం పెట్టుకోవాలి.

రీకాల్. కంపెనీ తనంతట తానుగానో, అధికారులు చెప్పడం వల్లనో సరుకును వెనక్కి తెప్పిస్తోంది. మన దేశంలో దీన్ని తీవ్రతను బట్టి మూడు తరగతులుగా చూస్తారు. ప్రాణాపాయం ఉన్న మొదటి తరగతిలో 72 గంటల్లోపు సరుకు వెనక్కి రావాలి. రెండోదానికి 10 రోజులు, మూడోదానికి 30 రోజులు. అంటే ఊళ్ళోని చిన్న షాపుకు కబురు అందేలోపే మీకు టీవీలో తెలియొచ్చు. "మాకేం రాలేదండీ" అని షాపతను అన్నాడంటే అబద్ధం చెప్తున్నాడని కాదు.

నిషేధం. ఆ మందునో, ఆ కాంబినేషన్‌నో (ఒకదాంట్లోనే కలిపిన రెండు మూడు మందులు) పూర్తిగా ఆపేశారు. 2024 ఆగస్టులో 156 కాంబినేషన్ మందులను కేంద్రం ఇలాగే నిషేధించింది. ఇక్కడ బ్యాచ్‌తో పనిలేదు, ప్రత్యామ్నాయం కోసం డాక్టర్‌ దగ్గరికి వెళ్ళాలి.

ఎక్కడ చూసుకోవాలి? సీడీఎస్‌సీఓ వెబ్‌సైట్‌లో అలర్ట్స్ విభాగం తెరవండి. కేంద్ర ల్యాబ్‌లు ఇచ్చిన జాబితా, రాష్ట్ర ల్యాబ్‌లు ఇచ్చిన జాబితా వేర్వేరుగా ఉంటాయి. రెండూ చూడాలి. తెలంగాణ డ్రగ్స్ కంట్రోల్ అడ్మినిస్ట్రేషన్ టోల్‌ఫ్రీ నంబరు 1800-599-6969. ఆంధ్రప్రదేశ్‌లో అయితే మీ జిల్లా డ్రగ్ ఇన్‌స్పెక్టర్ కార్యాలయాన్ని అడగండి. బ్యాచ్ నంబరు లేని ఫార్వర్డ్ మెసేజ్ ఎవరు పంపినా దాన్ని నమ్మి మందు మార్చకండి.

## 3. బ్యాచ్ నంబరు అక్షరం అక్షరం సరిపోల్చండి

పేరు ఒక్కటే కలిస్తే చాలదు. ఈ ఐదూ కలవాలి:

- బ్రాండ్ పేరు, లోపలి మందు పేరు
- ఎన్ని మిల్లీగ్రాములు
- బ్యాచ్ నంబరు
- తయారీ తేదీ, ఎక్స్‌పైరీ తేదీ
- తయారుచేసిన ఫ్యాక్టరీ పేరు, ఊరు

చివరిదాంట్లో చాలామంది పొరబడతారు. స్ట్రిప్ మీద పెద్ద అక్షరాలతో ఉండేది ఎక్కువగా అమ్మే కంపెనీ పేరు. తయారుచేసింది వేరే కంపెనీ కావొచ్చు, ఆ పేరు చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఒకే బ్రాండ్ మందు రెండు ఫ్యాక్టరీల నుంచి రావడం మామూలే.

అచ్చుకొట్టిన నంబర్లు చదవడం కూడా తేలిక కాదు. ఇంగ్లీషు ఓ అక్షరానికి సున్నాకి, ఐ అక్షరానికి ఒకటికి, ఎస్‌కి ఐదుకి, బీకి ఎనిమిదికి తేడా కనపడదు. వెండి రంగు రేకు మీద అచ్చయితే మరీ కష్టం. టార్చి లైటు పక్క నుంచి వేసి ఫొటో తీసి, పెద్దది చేసి చూడండి.

2025 అక్టోబరులో కోల్డ్రిఫ్ దగ్గు సిరప్ సంగతి గుర్తుందా? మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పసిపిల్లలు కిడ్నీలు పాడై చనిపోయారు. తమిళనాడులో తయారైన ఆ సిరప్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం 48.6 శాతం ఉందని తేలింది. తెలంగాణ అధికారులు వెంటనే వాడకం ఆపమని చెప్పిన హెచ్చరికలో బ్యాచ్ నంబరు ఎస్ఆర్-13 అని స్పష్టంగా ఇచ్చారు. అలాంటి హెచ్చరిక వచ్చినప్పుడు నంబరు చూసుకోవడానికి అర నిమిషం చాలు. సీసా మీద కాగితం చిరిగిపోయి నంబరు కనపడలేదా? పిల్లల సిరప్ విషయంలో ఇక ఆలోచించొద్దు, వాడకండి.

## 4. ఆపాలా, కొనసాగించాలా?

బ్యాచ్ కలిసింది. ఇప్పుడు చాలామంది చేసే పని, స్ట్రిప్ తీసి చెత్తబుట్టలో వేయడం. కొన్ని మందుల్లో వెంటనే ఆపడం సరైనదే. మరికొన్నిట్లో రీకాల్ కంటే హఠాత్తుగా మానేయడమే ఎక్కువ ప్రమాదం. తేల్చుకోవడానికి రెండు ప్రశ్నలు వేసుకోండి: లోపం ఏమిటి? ఈ మందు ఏ జబ్బుకి?

లోపం ఏమిటి: జాబితాలో కారణం కూడా రాస్తారు. ఆ మాటలకు మన భాషలో అర్థం ఇది.

- *డిసల్యూషన్:* మాత్ర కడుపులో కరగాల్సినంత కరగడం లేదు. విషం కాదు, కానీ మందు ఒంటికి పూర్తిగా పట్టదు.
- *అస్సే:* లోపలి మందు ఉండాల్సినంత లేదు, లేదా ఎక్కువుంది.
- *డిస్క్రిప్షన్:* రంగు మారడం, మచ్చలు, పెచ్చులూడటం లాంటివి.
- *స్టెరిలిటీ, పార్టిక్యులేట్ మ్యాటర్:* ఇంజెక్షన్, సెలైన్, కంటి చుక్కల్లో సూక్ష్మజీవులు లేదా నలుసులు ఉన్నాయి. వెంటనే ఆపాలి.
- *డైఇథిలీన్ గ్లైకాల్, ఇథిలీన్ గ్లైకాల్:* వెంటనే ఆపాలి. తాగినవాళ్ళను ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.
- *నైట్రోసమైన్, ఎన్‌డీఎంఏ:* ఏళ్ళ తరబడి వాడితే క్యాన్సర్ ముప్పు కొంచెం పెరిగే మలినం. ఈ పూట వేసుకున్న మాత్రతో ఏమీ అయిపోదు.
- *లేబుల్ తప్పు, ఒక మందు సీసాలో ఇంకో మందు:* వాడకండి. అదే రోజు మార్పించుకోండి.

నైట్రోసమైన్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే భయం ఎక్కువ పుట్టించేది అదే. 2018 జులైలో బీపీ మందు వల్సార్టాన్‌లో ఎన్‌డీఎంఏ బయటపడి చాలా దేశాల్లో రీకాల్ జరిగింది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అప్పుడు వేసిన అంచనా ప్రకారం, ఆ మలినమున్న మాత్రను రోజుకు 320 మిల్లీగ్రాముల గరిష్ఠ మోతాదులో నాలుగేళ్ళపాటు 8,000 మంది వాడితే, వాళ్ళందరి జీవితకాలం మొత్తం మీద ఒక క్యాన్సర్ కేసు అదనంగా రావొచ్చు. బీపీ మాత్ర వారం రోజులు మానేస్తే పక్షవాతం వచ్చే ముప్పుతో దీన్ని పోల్చి చూడండి. అందుకే ఎఫ్‌డీఏ అప్పట్లో, బదులు మందు చేతికి వచ్చేదాకా పాతది ఆపొద్దనే చెప్పింది.

ఏ జబ్బుకి: కింది మందులు డాక్టర్ చెప్పకుండా ఒక్క రోజు కూడా ఆపకండి. ఆ రోజే బదులు తెచ్చుకోండి.

- మూర్ఛ మందులు
- స్టెంట్ వేశాక వాడే క్లోపిడోగ్రెల్ లాంటివి, రక్తం పలచబడటానికి వార్ఫరిన్, అసిట్రామ్
- అటెనొలాల్, మెటోప్రొలాల్, క్లోనిడిన్. హఠాత్తుగా ఆపితే బీపీ, గుండెదడ ఒక్కసారిగా ఎగబాకుతాయి
- చాలా రోజులుగా వాడుతున్న ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్లు
- ఇన్సులిన్
- మానసిక ఆరోగ్యానికి వాడేవి, నిద్రమాత్రలు
- టీబీ, హెచ్‌ఐవీ మందులు
- కిడ్నీ మార్పిడి తర్వాతి మందులు

ఆస్తమా ఇన్‌హేలర్‌ది ఇంకో రకం. సరిగ్గా స్ప్రే రావడం లేదని రీకాల్ అయితే, కొత్తది చేతికి వచ్చేదాకా పాతది పారేయకండి. అర్ధరాత్రి ఆయాసం వస్తే అసలేమీ లేకపోవడం కంటే అది నయం. రీకాల్ అయింది సూక్ష్మజీవుల కారణంగా అయితే మాత్రం అప్పటికప్పుడే కొత్తది తెచ్చుకోండి.

విటమిన్, కాల్షియం, గ్యాస్ మాత్రలు నాలుగు రోజులు లేకపోయినా చాలామందికి ఏమీ కాదు. అవి పక్కన పెట్టి నిదానంగా మార్చుకోండి.

## 5. బదులు మందు తెచ్చుకోవడం

మొదట కొన్న షాపుకే వెళ్ళండి. చేతిలో స్ట్రిప్, బిల్లు, డాక్టర్ చీటీ, అలర్ట్ ఫొటో ఉండాలి. గట్టిగా అరిచి లాభం లేదు. ఇలా అడగండి: "అన్నా, ఈ బ్యాచ్ అలర్ట్‌లో ఉంది చూడండి. ఇదే మందు వేరే బ్యాచ్‌ది ఇవ్వండి. ఇది వెనక్కి తీసుకుని రాసివ్వండి."

చాలాసార్లు పని ఇక్కడే అయిపోతుంది. అదే బ్రాండ్‌లో వేరే బ్యాచ్ దొరికితే డాక్టర్‌ దాకా వెళ్ళక్కర్లేదు. దొరక్కపోతే అదే మందు వేరే కంపెనీది తీసుకోవాల్సి వస్తుంది. అప్పుడు ఇవి చూసుకోండి:

- లోపలి మందు పేరు ఒకటేనా? స్ట్రిప్ మీద బ్రాండ్ పేరు కింద చిన్నగా ఉంటుంది.
- మిల్లీగ్రాములు ఒకటేనా? 20 బదులు 40 ఇచ్చి "సగం వేసుకోండి" అంటే, ఆ మాత్ర సగం చేయదగ్గదేనా అని అడగండి.
- పేరు చివరి అక్షరాలు ఒకటేనా? టెల్మిసార్టాన్ పక్కన హెచ్ ఉంటే మూత్రం ఎక్కువగా వచ్చే మందు కలిసిందని, ఏఎం ఉంటే ఆమ్లోడిపిన్ కలిసిందని. ఆ అక్షరం మారితే మందే మారినట్టు.
- ఎస్ఆర్, ఎక్స్ఆర్, ఈఆర్ ఉన్నాయా? అవి నిదానంగా కరిగేవి. మామూలు మాత్రతో మార్చకూడదు.

మూర్ఛ, థైరాయిడ్, వార్ఫరిన్ వాడేవాళ్ళు కంపెనీ మారినా డాక్టర్‌కి చెప్పాలి. కొంచెం తేడాకే ఇవి పట్టు తప్పుతాయి. అవసరమైతే రక్తపరీక్ష చేయించమంటారు.

ఇన్సులిన్ గురించి విడిగా చెప్తున్నాను. మన దగ్గర సీసాల్లో ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉంటాయి. పెన్ కార్ట్రిడ్జ్‌లలో 100 యూనిట్లు ఉంటాయి. సీసా దొరక్క కార్ట్రిడ్జ్ కొని, దాంట్లోంచి పాత సిరంజితో తీస్తే రెండున్నర రెట్లు ఎక్కువ ఎక్కుతుంది. షుగర్ పడిపోయి ప్రాణం మీదకు వస్తుంది. ఎర్ర మూత సిరంజి 40కి, నారింజ మూత సిరంజి 100కి. సీసా మీది అంకె, సిరంజి మీది అంకె కలవకపోతే సూది గుచ్చకండి.

ప్రభుత్వాసుపత్రిలోనో పీహెచ్‌సీలోనో ఇచ్చిన మందైతే అక్కడి ఫార్మసిస్టుకి చూపించండి. పల్లెల్లో ఏఎన్ఎంకో ఆశా కార్యకర్తకో చెప్పినా చాలు. ఆన్‌లైన్‌లో కొన్నవాళ్ళకు ఆర్డర్ చరిత్రలో బిల్లు, బ్యాచ్ దొరుకుతాయి. అదే యాప్‌లో ఫిర్యాదు పెట్టండి. డబ్బు తిరిగి ఇవ్వడానికి షాపు ససేమిరా అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. కానీ నూట యాభై రూపాయల కోసం గొడవపడుతూ ఆ రాత్రి మోతాదు మానేయకండి. ముందు కొత్తది కొని వేసుకోండి, డబ్బు సంగతి రేపు చూడొచ్చు.

## 6. డాక్టర్‌కి ఏం చెప్పాలి

"సార్, టీవీలో చెప్పారు, ఆపేయనా?" అంటే ఏ డాక్టరూ ఫోన్‌లో జవాబు చెప్పలేరు. మెసేజ్‌లో ఇవి పెట్టండి:

- పేరు, వయసు, ఏ జబ్బుకి ఎన్నాళ్ళుగా వాడుతున్నారు
- మందు పేరు, మిల్లీగ్రాములు, బ్యాచ్ నంబరు, స్ట్రిప్ ఫొటో
- అలర్ట్‌లో రాసిన కారణం
- ఈ బ్యాచ్ ఎన్ని రోజులు వేసుకున్నారు, ఇంకా ఎన్ని మాత్రలు మిగిలాయి
- నిన్న, ఇవాళ చూసిన బీపీ లేదా షుగర్
- ఒంట్లో కొత్తగా ఏమైనా తేడా

మందు సరిగ్గా పనిచేయని బ్యాచ్ వాడుతున్నప్పుడు డాక్టర్ డోసు పెంచి ఉంటే, ఆ సంగతి తప్పక గుర్తుచేయండి. మంచి బ్యాచ్‌కి మారాక ఆ పెంచిన డోసు ఎక్కువైపోవచ్చు. బీపీ బాగా పడిపోయి కళ్ళు తిరగడం ఇలాగే మొదలవుతుంది. అందుకే మారిన తర్వాత పది రోజులపాటు బీపీ, షుగర్ రాసి పెట్టుకోండి.

## 7. ఒంట్లో తేడా కనిపిస్తే

సిరప్ తాగిన పిల్లలకు వాంతులు, కడుపునొప్పి, మూత్రం తగ్గడం, మగతగా ఉండటం కనిపిస్తే ఆగకండి. 108కి ఫోన్ చేయండి లేదా పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి. సీసా వెంట తీసుకెళ్ళండి. "మూత్రం ఎన్ని గంటలుగా పోయలేదు" అనేది డాక్టర్‌కి మొదట చెప్పాల్సిన మాట.

మామూలు తేడాలు, అంటే దద్దుర్లు, దడ, మందు పనిచేయలేదన్న అనుమానం ఉంటే డాక్టర్‌కి చెప్పి, ప్రభుత్వానికి కూడా తెలియజేయండి. మందుల దుష్ప్రభావాలు నమోదు చేసే ఫార్మకోవిజిలెన్స్ హెల్ప్‌లైన్ 1800-180-3024. రోగులే నింపడానికి తెలుగులో కూడా ఫారం ఉంది. డాక్టర్ సంతకం అక్కర్లేదు.

## 8. మిగిలిన మాత్రలు

పారేయకండి. పక్కింటివాళ్ళకు ఇవ్వకండి. ఒక కవరులో వేసి, పైన "వాడొద్దు" అని పెన్నుతో పెద్దగా రాసి, మిగతా మందులకు దూరంగా పెట్టండి. ఇంట్లో వయసైనవాళ్ళుంటే ఈ పని మరీ ముఖ్యం. చేయి అలవాటుగా పాత స్ట్రిప్ మీదికే పోతుంది.

షాపులో వెనక్కి ఇచ్చేముందు అన్ని వైపులా ఫొటోలు తీసుకోండి. ఒంట్లో తేడా వచ్చి ఉంటే అన్నీ ఇచ్చేయకుండా, నంబరున్న అంచుతో సహా కొన్ని ఉంచుకోండి. ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం, 1940లోని 26వ సెక్షన్ ప్రకారం, ఫీజు కడితే కొన్న వ్యక్తే ఆ మందును ప్రభుత్వ ల్యాబ్‌లో పరీక్ష చేయించుకోవచ్చు. ఇది తెలిసినవాళ్ళు చాలా తక్కువ.

ఎవరూ తీసుకోకపోతే మాత్రలు ఒలిచి, వాడిన టీ పొడితోనో మట్టితోనో కలిపి, కవరు మూతి కట్టి చెత్తలో వేయండి. స్ట్రిప్‌ని ముక్కలు చేయండి. ట్రమడాల్, మార్ఫిన్ లాంటి మత్తు నొప్పి మందులకు పద్ధతి వేరు, వాటిని ఫార్మసిస్టును అడిగే వదిలించుకోండి.

## 9. అమెరికాలో ఉన్నవాళ్ళు, అక్కడికి మందులు మోసుకెళ్ళేవాళ్ళు

అక్కడ ఫార్మసీవాళ్ళు నారింజ రంగు సీసాలో పోసి ఇస్తారు. దాని మీద లాట్ నంబరు (బ్యాచ్ నంబరునే అక్కడ అలా అంటారు) చాలాసార్లు ఉండదు. మీరే ఊహించకుండా ఫార్మసీకి ఫోన్ చేసి, మీ ప్రిస్క్రిప్షన్ నంబరు చెప్పి అడగండి. రీకాల్ రోగుల స్థాయిదా, షాపుల స్థాయిదా అని కూడా అడగండి. షాపుల స్థాయిదైతే మీ ఇంట్లో ఉన్నది వెనక్కి ఇమ్మని ఎవరూ అడగరు. ఏదైనా దుష్ప్రభావం కనిపిస్తే ఎఫ్‌డీఏకి 1-800-332-1088లో చెప్పొచ్చు.

హైదరాబాద్‌లో తయారైన మందును అమెరికాలో రీకాల్ చేశారన్న వార్త మన పేపర్లలో తరచూ వస్తుంది. అది అక్కడికి పంపిన లాట్లకు సంబంధించినది. ఇక్కడి షాపులో అదే కంపెనీ స్ట్రిప్ కనిపించిందని భయపడక్కర్లేదు. ఇక్కడి జాబితాలో నంబరు చూసుకోండి.

పిల్లల దగ్గరికి ఆరు నెలలకు వెళ్ళే పెద్దవాళ్ళు సంచీలో ఆరు నెలల మందులు తీసుకెళ్తారు. ఇక్కడ ఏదైనా బ్యాచ్‌కి అలర్ట్ వస్తే అక్కడ వాళ్ళకు చెప్పేవాళ్ళుండరు. బయల్దేరేముందు అన్ని స్ట్రిప్‌ల ఫొటోలూ ఇంట్లో ఒకరి ఫోన్‌లో ఉంచండి. అన్నీ ఒకే బ్యాచ్‌వి కాకుండా రెండు బ్యాచ్‌లవి తీసుకుంటే ఇంకా మంచిది. ఒకటి పనికిరాకుండా పోయినా, అక్కడి డాక్టర్ అపాయింట్‌మెంట్ దొరికేదాకా రెండోది ఆదుకుంటుంది.

## 10. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి విరుగుడు

రెండు రోజులు మానేసి, కంగారుపడి రెండు మాత్రలు ఒకేసారి వేసుకోవడం. వద్దు. తర్వాతి మోతాదు మామూలు సమయానికి ఒక్కటే వేసుకోండి.

"నిన్నటిదాకా ఇదే వాడాం, ఏం కాలేదు" అని కొనసాగించడం. గుండె మందు సరిగ్గా కరగకపోతే పైకి ఏమీ తెలియదు. ఏం కాలేదనిపించడం నాణ్యతకు రుజువు కాదు.

క్యూఆర్ కోడ్ స్కాన్ అయింది కాబట్టి మంచిదే అనుకోవడం. కోడ్ బ్యాచ్, తేదీ, కంపెనీ వివరాలు చెబుతుంది. ఆ బ్యాచ్ రీకాల్ అయిందో లేదో జాబితాలోనే చూడాలి. స్కాన్ చేసిన వివరాలు పెట్టె మీది అచ్చుతో కలవకపోతే మాత్రం డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కి చెప్పాల్సిందే.

ఒక్కసారి చూసి వదిలేయడం. జాబితా నెలనెలా మారుతుంది, అదీ ముందు నెలలో పరీక్షించినవాటిది. నెల సరుకు తెచ్చుకున్న రోజే మందుల బ్యాచ్‌లు కూడా ఒకసారి చూసుకుంటే మర్చిపోరు. మా ఇంట్లో ఆ పని పదో తరగతి చదువుతున్న మా అమ్మాయికి అప్పగించాం. నా కళ్ళజోడు కంటే తన కళ్ళే ఆ చిన్న అక్షరాలను బాగా చదువుతాయి.